కూజాలో టీ

ఆ ఆదివారం పొద్దున టైలరమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. కిటికీ దగ్గరున్న కూజా మొక్క ఆకుల్ని తడిగుడ్డతో తుడిచి, వాలిన కాడకు పుల్ల కట్టి, సాయంత్రం టీచరమ్మ ఇంటికి పట్టుకెళ్లాలి. పురుగుల్ని తినే మొక్కలు పెంచేవాళ్లంతా అక్కడ కలుసుకుంటారు. వాళ్ల కూజా మొక్కలన్నీ టీచరమ్మ ఇంట్లోని పాత మొక్కకు పిల్లలే. అందులో టైలరమ్మదే ఏపుగా పెరిగింది. అందుకే ఫోన్లో వాళ్లు పెట్టుకున్న గ్రూపులో ఆవిడ మాటకు విలువెక్కువ. ఆ విలువంటే ఆవిడకు ప్రాణం.

తడిగుడ్డతో వచ్చి చూస్తే, ఆకుల చివర వేలాడే కూజాల్లో అన్నిటికంటే పెద్దదానిలో అంచుదాకా టీ ఉంది.

"ఏమండీ! ఇందులో టీ పోసింది మీరేనా?"

"చల్లారిపోయిందే. సింకు దాకా ఎవరు లేస్తారని..." పోస్టాఫీసులో పనిచేసే మొగుడు పేపర్లోంచి తలెత్తలేదు. "ఖాళీగానే ఉందిగా?"

"ఖాళీ ఏమిటి, అది దాని పొట్ట!"

"నేనూ పొట్టలోనే కదా పోశాను."

ఈయనతో వాదించేకంటే గ్రూపులో సలహా అడగడం మేలనుకుని ఆవిడ ఫోటో తీసింది. కానీ మొగుడి నిర్వాకం నలుగురిలో చెప్పుకోవడానికి మనసొప్పలేదు. "మా కూజాలో టీ పోశాం. ఏమవుతుందో చూడాలి" అని గుంభనగా రాసి, టీ వంచేసి, వాన నీళ్లతో కూజా కడిగి, కుట్టుమిషను ముందు కూర్చుంది.

పక్కింటివాళ్ల కర్టెన్లు సగం కుట్టేసరికి ఫోను మోగింది. బేకరీ నడిపే కుర్రాడు అడుగుతున్నాడు: "చక్కెరతోనా అక్కా, లేకుండానా?"

చక్కెర పడితే బూజు పడుతుందని భయపడుతున్నాడు కాబోలు పాపం, అనుకుంది. ఆయన చక్కెర మానేసి చాలాకాలమైంది. మిషను ఆపకుండానే ఒంటి చేత్తో "లేకుండా" అని కొట్టింది.

కర్టెన్లు పూర్తయ్యేసరికి ఆ ఒక్క మాటకు కొమ్మలూ రెమ్మలూ పుట్టుకొచ్చాయి. ఫోటో స్టూడియో ఆయన తన కూజాలన్నిటికీ పట్టించేశాడు. బేకరీ కుర్రాడు దాల్చినచెక్క కలిపాడు. పరగడుపున పోస్తేనే గుణమని ఇంకెవరో తేల్చారు. ఎవరి పరగడుపో మాత్రం చెప్పలేదు. ఇంతలో ఊరి ఆ చివర నుంచి ఆడపడుచు ఫోను.

"వదినా, ఎవరో పెద్ద శాస్త్రవేత్త కనిపెట్టాడట. కూజా మొక్కకి టీ అమృతమట! నీ మేలు కోరి చెబుతున్నా, ఎవరితో అనకు."

టైలరమ్మ గబగబా ఫోను పెట్టేసింది. "ఎవరూ పోయకండి! పోసినవాళ్లు వంచేసి వాన నీళ్లతో కడగండి!" అని గ్రూపులో పెట్టింది.

"అర్థమైందిలే అక్కా," అన్నాడు బేకరీ కుర్రాడు. "మా మొక్కలు మీదాన్ని మించిపోతాయనేగా?"

ఆవిడ వద్దన్నకొద్దీ కొత్తగా ఇంకొకళ్లు పొయ్యి వెలిగించారు. చివరికి టీచరమ్మ కబురు వచ్చింది: "నేనూ కాస్త కలుపుతున్నాను."

టైలరమ్మ మిషను ముందు నుంచి లేచింది. ఆ తల్లి మొక్కకు ఏమైనా అయితే ఇక ఎవరికి మొహం చూపించాలి? మెళ్లో టేపు వేలాడుతుండగానే, చేతికందిన చెప్పులేసుకుని వీధిలోకి పరిగెత్తింది. వెళ్లేసరికి టీచరమ్మ వరండాలో గ్లాసు వంచబోతోంది.

"ఆగండి టీచర్‌గారూ! అది వైద్యం కాదు, పాడూ కాదు! మా ఆయన సింకు దాకా వెళ్లడానికి బద్ధకించి పోశారు. పరువు పోతుందని నేను చెప్పలేదు."

టీచరమ్మ గ్లాసు కింద పెట్టింది. టైలరమ్మ ఊపిరి పీల్చుకుంది.

"అయితే పోసింది నువ్వు కాదన్నమాట," అంది టీచరమ్మ ఆలోచిస్తూ. "మీ ఆయనా?"

"ఆయనేనండీ."

"ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేమ్మా! సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకురా."

సాయంత్రం అందరూ తమ మొక్కల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కూజాల్లో టీ అలాగే ఉంది. పోస్టాఫీసాయనకు మాత్రం ఫ్యాను కింద కుర్చీ వేశారు.

"అక్క మొక్క అంత ఏపుగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది బావగారూ," అన్నాడు బేకరీ కుర్రాడు. "తెర వెనకాల మీరన్నమాట!"

"నాకేం తెలీదండీ," అన్నాడాయన నిజాయితీగా.

"ఎంత అణకువో చూడండి," అన్నాడు స్టూడియో ఆయన.

అసలు సంగతి అరిచి చెబుదామని టైలరమ్మ నోరు తెరిచింది. వరసగా ఒళ్లల్లో కూర్చున్న కూజాలను చూసింది. ఈ రాత్రంతా ఇలాగే ఉంటే ఇవి బతకవు. నోరు మూసుకుని మొగుడి మోచేతిని పొడిచింది. "పొద్దున టీ పోశాక మనింట్లో ఏం చేశామో చెప్పండి."

"ఏముందీ... వంచేసి, వాన నీళ్లతో కడిగేశాం."



"అసలు కిటుకు అదీ!" అని టీచరమ్మ లేచింది. అందరూ పెరట్లోని వాన నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తారు. పొద్దుట్నుంచీ టైలరమ్మ మొత్తుకున్నది అక్షరం పొల్లుపోకుండా చేశారు. తిరిగొచ్చేసరికి పోస్టాఫీసాయన కాలు మీద కాలేసుకున్నాడు. "కడిగేటప్పుడు తొందర పనికిరాదు," అంటున్నాడు.

మర్నాడు గ్రూపు పెత్తనం ఆయనకే అప్పజెప్పారు. ఆయన చేసిన మొదటి పని, ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కి, పెళ్లాన్ని గ్రూపులోంచి తీసేయడం.