కుదుపు లేని లిఫ్టు

ఆ పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. లిఫ్టు మోటారుకి తను కొత్తగా బిగించిన డ్రైవుని, అంటే వేగాన్ని అదుపుచేసే పెట్టెని, అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుకి చూపించాలి, బాగుందని సంతకం పెట్టించుకోవాలి, సాయంత్రంలోగా ఆ కాగితం కంపెనీకి పంపాలి. పంపితే ఉద్యోగం పర్మినెంటు. లేకపోతే, ఇప్పుడున్న కాంట్రాక్టు కూడా ఉండదు. అత్తగారింట్లో కాపురం కాబట్టి భవనమంతా అతన్ని అల్లుడుగారనే పిలుస్తుంది. పర్మినెంటయితే ఆ పిలుపులో ఇంకాస్త గౌరవం కలుస్తుందని అతని ఆశ.

"పెడతాడంటారా సంతకం?" అంది భార్య, చంకలో పిల్లని సర్దుకుంటూ. లేచినప్పటినుంచీ ఆమె అడుగుతున్నది ఇదొక్కటే.

"పెట్టక చస్తాడా! ఎక్కి చూడు, కదిలినట్టే తెలీదు."

అది నిజమే. అంతకుముందు మోటారుకి తెలిసినవి రెండే విషయాలు: పూర్తి వేగం, లేకపోతే ఆగిపోవడం. అంతస్తు దాటినప్పుడల్లా ఒకసారి వదిలేసి మళ్లీ పట్టుకునేది. ఎక్కినవాళ్ల ఎముకలన్నీ ఒక్కసారి పలకరించుకునేవి. డ్రైవు వచ్చాక మోటారు మెల్లగా మొదలై, మెల్లగా వేగం పుంజుకుని, మెల్లగా ఆగుతోంది. ఇంత మర్యాదగా నడిచే వస్తువు ఆ భవనంలో ఇంకొకటి లేదు.

అల్లుడు ఆలోచించనిది ఒక్కటే. లిఫ్టులోని నంబరు దీపం ఏళ్ల తరబడి ఏ అంతస్తులోనైనా ఎనిమిదే చూపించింది. భవనానికి ఉన్నవేమో ఆరు అంతస్తులు. అందుకని అందరూ కుదుపులు లెక్కపెట్టుకునే ఇళ్లు చేరేవారు. ఇప్పుడు కొత్త దీపం నిజమే చెబుతోంది గానీ, దానివైపు చూసే అలవాటు ఎవరికీ లేదు. పైగా అన్ని అంతస్తుల్లోనూ అదే వరండా, అవే నీలం తలుపులు.

మొదట దెబ్బతిన్నది అత్తగారు. కూరగాయల సంచీతో ఎక్కి తమ అంతస్తు నాలుగు నొక్కింది. మూడో అంతస్తులో ఎవరో నొక్కి ఉండటంతో అక్కడ తలుపు తెరుచుకుంది. లెక్కపెట్టడానికి ఏమీ దొరకక ఆవిడ దిగిపోయి, తీసి ఉన్న తలుపులోంచి వంటింట్లోకి నడిచింది. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి.

"పొయ్యి మీద పాలు పెట్టి ఎక్కడ తిరుగుతున్నావే?" అని కూతుర్ని కేకేసి, పొయ్యి కట్టేసి, ఉప్పు డబ్బా ఉండాల్సిన చోట లేదని డబ్బాలన్నీ దించి మళ్లీ సర్దడం మొదలుపెట్టింది.

ఆ ఇల్లు ప్రెసిడెంటుది. భార్య ఊరెళ్లింది, కొత్త వంటమనిషి ఆ రోజే రావాలి. ఆయన పాలు పొయ్యి మీద పెట్టి, తలుపు తీసిపెట్టి పేపరు కోసం కిందికి వెళ్లాడు. తిరిగి ఎక్కి, పేపరు విప్పి, కుదుపుల కోసం ఎదురుచూశాడు. మూడులో తలుపు తెరుచుకుంటే ఎవరో ఎక్కుతున్నారనుకుని తల ఎత్తలేదు. నాలుగులో తెరుచుకుంటే విసుగొచ్చి దిగాడు. అల్లుడిగారి సోఫాలో కూర్చుని, పేపరు చాటునుంచే "అమ్మాయ్, కాఫీ" అన్నాడు.

సంతకానికి ఆయనే ఇంటికి నడిచి వచ్చాడనుకుంది అల్లుడి భార్య. ఉన్నవాటిలో మంచి కప్పు తీసింది.

"భేషుగ్గా ఉంది. రేపట్నుంచి పొద్దున్నే వచ్చెయ్" అన్నాడాయన.

"ఎక్కడికండీ?"

"ఇక్కడికే!"

"నేను ఇక్కడే ఉంటానండీ."

"పిల్లతోనా?" పేపరు అంచు కింద పిల్ల కాళ్లు వేలాడుతున్నాయి. "సరేలే, పాపం. వెనక గది తీసుకో."

ఆమెకు తన ఇంట్లోనే ఒక గది దొరికింది. సంతకం గుర్తొచ్చి, "మీ దయండీ" అంది.

అదే సమయానికి అల్లుడు మేడమీది మోటారు గదిలోంచి ఫోను చెవికి ఆనించుకుని లిఫ్టెక్కాడు. "సార్, సంతకం జేబులో ఉన్నట్టే అనుకోండి" అని కంపెనీ మేనేజరుకి మాటిస్తూ, తన చేత్తో తీసేసిన కుదుపు కోసం తనే ఎదురుచూస్తూ, నాలుగులో తలుపు తెరుచుకున్నా దిగక, మూడులో దిగాడు. ఫోను పెట్టకుండానే ఇంట్లోకెళ్లి, మరకల చొక్కా విప్పి, హ్యాంగరుకున్న ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. భుజాలు మోచేతుల దాకా జారాయి. పని ఎక్కువై చిక్కిపోయాననుకున్నాడు.

పైన ప్రెసిడెంటు స్నానానికి లేచాడు. తన తువ్వాలు ఉండాల్సిన తీగ మీద పసిపిల్ల లాగులు వేలాడుతున్నాయి. ఒక్క ఉదుటున మెట్లు దిగి తన ఇంట్లోకి వచ్చిపడ్డాడు. వెనకే పిల్లనెత్తుకుని అల్లుడి భార్య.

"అది నా చొక్కా!" అరిచాడు.

అత్తగారు గరిటెతో బయటికొచ్చింది. "ప్రెసిడెంటువైతే మాత్రం? తలుపు కొట్టి రావాలని తెలీదూ?"

"ఇది నా ఇల్లమ్మా!"

"నీ ఇల్లయితే నా కూరగాయలు ఇక్కడికెలా వచ్చాయి?"

ఈలోగా మెట్ల మీద జనం పోగయ్యారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన నర్సు ఎవరి మంచం మీదో గుర్రుపెట్టి నిద్రపోతోందట, లేపడానికి ఇంటివాళ్లకి ధైర్యం చాలట్లేదట.

"పీకెయ్యండి ఆ డ్రైవుని! పాత నడకే పెట్టండి. సంతకం లేదు, ఏమీ లేదు" అన్నాడు ప్రెసిడెంటు.

అల్లుడు మాత్రం జారిన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"సార్, డ్రైవంటే మనం చెప్పిన వేగంతో మోటారుని నడిపేది. మెత్తగా పొమ్మన్నాను, పోయింది. మీకు కావాల్సింది కుదుపేగా? అర్ధగంట ఇవ్వండి."

"పెద్ద చదువులవాళ్లు ఎవరైనా కుదుపు పెడతారా?" అని భార్య గుసగుసలాడింది.

"తియ్యడం కంటే పెట్టడం తేలికే" అన్నాడు.

మోటారు గదికెళ్లి డ్రైవు మీది బటన్లు నొక్కాడు. అంతస్తు దాటేచోట వేగం ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేచేలా అమర్చాడు. మరీ ఎముకలు పలకరించుకునేంత కాదు గానీ, పేపరు చదివేవాడికి తెలిసేంత. తర్వాత ప్రెసిడెంటుని కింద ఎక్కించి కళ్లు మూసుకోమన్నాడు.

"ఒకటి..." అన్నాడాయన అనుమానంగా. "రెండు..." గొంతులో ప్రాణం వచ్చింది. "మూడు! ఇదీ లిఫ్టంటే!"

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా ఆయన ఇల్లే. సంతకం అక్కడే గోడకి ఆనించి పెట్టాడు, చొక్కా కూడా ఉంచుకోమన్నాడు. కాగితం అందాక మేనేజరు అల్లుణ్ణి పర్మినెంటు చేశాడు. ఆ కుదుపు ఎలా పెట్టాడో మిగతా ఇంజనీర్లకి నేర్పమని హెడ్డాఫీసుకి పిలిపించాడు కూడా.

కంపెనీ కొత్త కేటలాగులో ఒక లైను చేరింది: కుదుపు సదుపాయానికి ఛార్జీ అదనం.