రెండో నంబరు కుర్చీ

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆసుపత్రి వెనక గేటు దగ్గర చక్రాల కుర్చీ తీసుకోవాలి. అందులో అత్తగారిని కూర్చోబెట్టాలి. రాజధానిలో ఏటా జరిగే హక్కుల ఊరేగింపు తోక పట్టుకుని కాసేపు తోయాలి. ఆవిడ నాలుగు నినాదాలిచ్చాక మధ్యాహ్నానికల్లా ఆవిడను ఇంట్లో, కుర్చీని వార్డులో దింపేయాలి. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి చోటెక్కడుందా అని అల్లుడు రాత్రంతా వెతికాడు. చోటూ దొరకలేదు, నిద్రా పట్టలేదు.

అతను ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పనివాడు. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒంగినా అతనికి అన్నం సయించదు. గాజు పలక ఎవరు ఎత్తినా ముందుగా "బాబోయ్" అంటాడు. దుకాణంలో అతని పేరు కూడా అదే అయిపోయింది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. పక్క కుర్చీలో అదే పని చేసే మగవాడికి ఎక్కువ జీతం, తనకు తక్కువ జీతం ఇస్తున్న రోజుల్లో ఆ ఊరేగింపులో మొదటిసారి నడిచింది. అప్పట్నుంచి ఒక్క ఏడూ మానలేదు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. నాలుగడుగులు వేయగలదు గానీ నాలుగు వీధులు నడవలేదు. "నడవలేనివాళ్లకి హక్కులుండవా?" అని వారం రోజులు అన్నం ముందు కూర్చుని అడిగింది. హక్కులుంటాయి, కుర్చీలే ఉండవు. అందుకని నర్సు పని చేస్తున్న కూతురు తన వార్డులో ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాన్ని ఎవరికీ చెప్పకుండా వెనక గేటు దాకా తోసుకొచ్చింది.

"ఏమండీ, సరిగ్గా వినండి," అంది గొంతు తగ్గించి. "సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు హెడ్ సిస్టరు కుర్చీలు చూసుకుంటుంది. నాకు ఇప్పటికే ఒక మెమో ఉంది. ఇంకోటి వచ్చిందంటే ఉద్యోగం ఊడినట్టే."

"బాబోయ్."

"ఎడంపక్క బ్రేకు ముట్టుకోకండి. వేస్తే మళ్లీ పైకి రాదు. మా ఆయా కత్తెర మొన పెట్టి లేపుతుంది."

"మరి అత్తయ్యకి మందులూ అవీ..."

"అమ్మ సంగతి అమ్మ చూసుకుంటుంది. మీరు కుర్చీని చూడండి."

"విన్నావుగా బాబూ," అంది అత్తగారు కుర్చీలో సర్దుకుంటూ. "దారిలో నేను పోయినా పరవాలేదట. కుర్చీ పోకూడదట."

కుర్చీ వీపు మీద తెల్ల పెయింటుతో పెద్ద పెద్ద అక్షరాలున్నాయి: ప్రభుత్వాసుపత్రి, ఆడవాళ్ల వార్డు, కుర్చీ నంబరు రెండు. దొంగల కోసం రాయించిన అక్షరాలవి. అల్లుడికి వాటిని తన నుదుటి మీదే రాసినట్టనిపించింది.

ఏ ఊరేగింపుకైనా తల ఉంటుంది, తోక ఉంటుంది. ఫోటోలో పడాలనుకునేవాళ్లు తలలో నడుస్తారు, పడకూడదనుకునేవాళ్లు తోకలో నడుస్తారు. అల్లుడు వెతుక్కుని మరీ తోక చివర చేరాడు. కానీ అక్కడున్నవాళ్లంతా మంచివాళ్లు. మంచివాళ్లతో వచ్చే చిక్కు ఎవరితోనూ రాదు.

"అయ్యో, పెద్దావిడ! దారివ్వండి, కుర్చీకి దారివ్వండి!" అని ఒకావిడ అరిచింది.

"వద్దండీ, మేం ఇక్కడే బాగున్నాం," అన్నాడు అల్లుడు.

"మొహమాటపడకండి సార్! జరగండయ్యా, జరగండి!"

పాయ విడినట్టు జనం రెండుగా విడిపోయారు. ఖాళీ దొరికితే వెనకనుంచి తోసేవాళ్లకు కొదవేముంది? టీచర్ల సంఘం దాటారు. పారిశుద్ధ్య కార్మికులను దాటారు. 'మాలాంటివాళ్లకు ఇల్లు అద్దెకివ్వరేం' అని అడుగుతున్న గుంపును దాటారు. దారి పొడుగునా అత్తగారు ఒక్కో గుంపుకూ వాళ్ల నినాదం అందిస్తూ వచ్చింది. అల్లుడు "చాలండి, ఇక చాలండి" అంటూనే ఉన్నాడు. ఆ హోరులో అది కూడా నినాదమే అనుకుని పక్కవాళ్లు రెండుసార్లు అందుకున్నారు. చూస్తుండగానే తలకు చేరారు. అక్కడ టీవీ కెమెరా ఉంది.

కెమెరా ముందునుంచి తీస్తున్నంతసేపూ అల్లుడు అత్తగారి వెనక దాక్కున్నాడు. తర్వాత ఆ కెమెరా మనిషి వెనకనుంచి కూడా తీద్దామని చుట్టూ తిరిగొచ్చాడు. అల్లుడు కుర్చీ అక్షరాలకు తన పొట్ట అడ్డం పెట్టాడు. పొట్ట ఆడవాళ్ల వార్డు దాకా సరిపోయింది గానీ నంబరు రెండు మిగిలిపోయింది. పక్కన రెయిలింగుకు ఎవరో అలసిపోయి వేలాడదీసిన ప్లకార్డు కనిపించింది. మెడలో వేసుకోవడానికి దారం కూడా ఉంది. లటుక్కున లాగి కుర్చీ వీపుకు తగిలించాడు. కాస్త ఎడమకు ఒంగింది. సరిచేశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ సరిచేశాడు. నిటారుగా ఉందా లేదా అన్నదే చూశాడు గానీ దాని మీద ఏం రాసుందో చూడలేదు. ఫ్రేములు కట్టేవాడికి పటంలో ఉన్నదెవరో చూసే అలవాటుండదు.

దాని మీద ఇలా ఉంది: 'మా సంగతి తేలేదాకా ఇక్కడి నుంచి కదలం!'

ఏటా ఊరేగింపు శాసనసభ మెట్ల ముందుకు వచ్చి ఎడమకు తిరిగి మైదానానికి పోతుంది. అక్కడ మైకు మాస్టారు ఉపన్యాసమిస్తాడు. ఆయన మైకు వదిలిన సందర్భం ఎవరికీ గుర్తులేదు కాబట్టి ఆ పేరు. తర్వాత ఆయన గేటు దగ్గర గుమాస్తాకు అర్జీ ఇస్తాడు. గుమాస్తా తీసుకుంటాడు. ఇన్నేళ్లలో అందరికన్నా ఎక్కువ నడిచింది ఆ అర్జీయే, ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి.

మెట్ల ముందు బారికేడ్ల దగ్గర పోలీసు ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి "ఆపండి!" అని గట్టిగా అరిచాడు. ఎడమకు తిరగండి అని చెప్పడానికే ఆ అరుపు. కానీ పోలీసు అరిస్తే అల్లుడికి ముందు చేతులు పనిచేస్తాయి, తర్వాత బుర్ర. రెండు బ్రేకులూ దబీమని వేశాడు.

ఎడంపక్కది కూడా.

"బాబోయ్," అన్నాడు.

కుర్చీ నడిరోడ్డు మీద మేకు దిగినట్టు నిలబడిపోయింది. వెనకవాళ్లు ఆగారు. ఎందుకు ఆగామా అని చూశారు. కుర్చీ వీపు మీద స్పష్టంగా, ఏ వంకరా లేకుండా రాసుంది. ముందు వరసలోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. వాళ్లు కూర్చున్నారని వెనకవాళ్లు కూర్చున్నారు. కాసేపటికి తోకదాకా కూర్చుంది.

మైకు మాస్టారు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. "ఎవరయ్యా కూర్చోమన్నది? మైదానంలో నా ఉపన్యాసముంది!"

"రాసుంది కద సార్," అని ఒకతను కుర్చీ చూపించాడు.

మాస్టారు అల్లుడి మీదికి తిరిగేలోగా టీవీ అమ్మాయి ఆయన మూతి ముందు మైకు పెట్టింది. మైకు కనబడగానే ఆయన మొహం మారిపోయింది. "ఇది మా మూడు నెలల వ్యూహం," అన్నాడు. "ఈ వీరమాత నాయకత్వంలో కదిలేది లేదు!"

"ఈ ఏడూ ఈయనేనా?" అంది అత్తగారు అల్లుడితో. "బాగానే అరుస్తున్నాడు."

అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు పీకుతున్నాడు. చూసేవాళ్లకు ఇంకా గట్టిగా బిగిస్తున్నట్టుంది. చప్పట్లు కొట్టారు. అప్పుడే ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, టీవీలో అమ్మ కనిపిస్తోంది! హెడ్ సిస్టరు టీ తాగుతూ చూస్తోంది. 'ఈ కుర్చీ మన కుర్చీలా లేదూ?' అంటోంది. మీరసలు ఎక్కడున్నారు?"

"కూర్చున్నాం."

"కూర్చోవడమేంటి? తీసుకొచ్చేయండి!"

"బ్రేకు పడిందే."

"ఎడంపక్కదా?"

అల్లుడు బ్రేకును ఇంకోసారి పీకి చూశాడు.

"అత్తయ్యా, మీరొకసారి లేస్తే కుర్చీని ఎత్తుకుపోతాను," అన్నాడు ఫోను జేబులో పెట్టి, ఏడుపు గొంతుతో.

"ఇంతమంది నన్ను చూసి కూర్చుంటే నేను లేస్తానా? ఎక్స్ఛేంజిలో ఇన్నేళ్లు ఎవరూ నా మొహం చూడలేదు నాయనా. గొంతే విన్నారు. ఇవాళన్నా చూడనీ."

"మీ అమ్మాయి ఉద్యోగం పోతుందండీ!"

ఆ మాటకు అత్తగారు కాస్త తగ్గింది. "అయితే ముందు బ్రేకు ఊడదియ్యి. తర్వాత చూద్దాం."

అల్లుడు లేచి జనంలోకి తిరిగి "కత్తెర! ఎవరి దగ్గరైనా కత్తెరుందా?" అని అరిచాడు. పోలీసుల ముందు నిలబడి అడగాల్సిన వస్తువు కాదది. ఇద్దరు కానిస్టేబుళ్లు లాఠీలు సర్దుకున్నారు. కూర్చున్నవాళ్లకు ఇంకో అనుమానమొచ్చింది.

"పొద్దున్నించీ చూస్తున్నా, ఆ పెద్దావిణ్ణి లేపెయ్యాలని చూస్తున్నాడు వీడు," అన్నాడొకడు. "మఫ్టీలో వచ్చిన పోలీసేమో!"

"నేను ఫ్రేములు కడతానండీ," అన్నాడు అల్లుడు.

"చూశావా, ఒప్పుకున్నాడు! పటం కట్టేస్తాడట ఆవిడకి!"

"ఏమ్మా, ఈయన మీకు తెలుసా?" అని అత్తగారినే అడిగారు.

అత్తగారు అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మా అల్లుడే లెండి. మొదట్నించీ ఇంతే."

లాఠీలు సర్దుకున్నవాళ్లలో ఒక ఆడ కానిస్టేబులుంది. దగ్గరికొచ్చి వంగి చూసి, ఏమీ అడక్కుండా జుట్టులోంచి హెయిర్‌పిన్ను తీసిచ్చింది. "మా అమ్మ కుర్చీకి కూడా ఇదే రోగం," అంది. పిన్ను మొన దూర్చగానే బ్రేకు టక్కున లేచింది. ఆ రోజు ప్రభుత్వం ప్రజలకు చేసిన మేలు అదొక్కటే అయ్యుండేది, సరిగ్గా అప్పుడే పైనుంచి పెద్ద అధికారి దిగిరాకపోతే.

ఆయన పక్కన గొడుగు పట్టిన మనిషి, ఆ పక్కన ఇంకో కెమెరా. "అమ్మా, మీరు స్వయంగా పైకొచ్చి అర్జీ ఇవ్వండి," అని చెయ్యి చాపాడు. తర్వాత మెట్లను చూశాడు, కుర్చీని చూశాడు, కెమెరాను చూశాడు. గతుక్కుమన్నాడు. "మెట్ల పక్కన కుర్చీలకు వాలు దారి మంజూరు చేస్తున్నాం! ఇప్పుడే!"

వాలు దారి ఎవరూ అడగలేదు. సమాన జీతం అడిగారు, అద్దె ఇల్లు అడిగారు, ఓటరు జాబితాలో పేర్లు అడిగారు. అయినా చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లుగా ఏమీ రానివాడికి ఏదొచ్చినా అది అడిగినట్టే ఉంటుంది.

"అది కట్టేదాకా నేను బతకొద్దూ?" అంది అత్తగారు. మాస్టారి చేతిలోని అర్జీ లాక్కుని, లేచి నిలబడి, మెట్లెక్కింది.

జనంలో పుట్టిన హోరుకు పావురాలు లేచిపోయాయి. మోకాళ్ల మీద చేతులానించి, మెట్టు మెట్టుకూ ఆగి అధికారిని తిడుతూ, ఆవిడ తలుపు దాటి లోపలికి వెళ్లిపోయింది.

అల్లుడికి అదేమీ పట్టలేదు. కుర్చీ ఖాళీ అయింది! అదొక్కటే పట్టింది. మర్యాదస్తుడు కాబట్టి ముందు ఆడ కానిస్టేబుల్ని వెతికి హెయిర్‌పిన్ను తిరిగిచ్చాడు. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ లేదు.

అతను రోడ్డంతా వెతికాడు. కూర్చున్నవాళ్లందర్నీ లేపి, వాళ్ల కింద చూశాడు. బారికేడ్ల వెనక, టీ కొట్టు పక్కన, మైదానంలో ఖాళీ వేదిక కింద చూశాడు. ఎండ దిగుతోంది. డ్యూటీ మారే వేళవుతోంది. చివరికి నేరం ఒప్పుకుందామని ఆసుపత్రి వైపు నడిచాడు. దారి పొడుగునా ఒప్పుకోలు వల్లె వేసుకున్నాడు. "నేనే దొంగిలించాను, ఆవిడకేం తెలియదు." పగిలిన అద్దంలాంటి మాట. ఎటు పట్టుకున్నా చేయి తెగేది అతనిదే.

వార్డు గుమ్మంలో భార్య ఎదురొచ్చింది. "నేనే దొంగిలించాను," అని మొదలుపెట్టాడు.

"ష్! అటు చూడండి."

కుర్చీ ఎప్పుడూ ఉండే మూలలోనే ఉంది. ప్లకార్డు ఇంకా వేలాడుతోంది. అర్జీ పోయిన బాధకు, ఎండకు మైకు మాస్టారు సొమ్మసిల్లి సరిగ్గా ఆ ఖాళీ కుర్చీలోనే పడ్డాడట. అంబులెన్సువాళ్లు ఎత్తేటప్పుడు ప్లకార్డు పక్కకు తొలిగింది. ఎక్కడికి తీసుకెళ్లాలో వీపు మీద రాసే ఉంది. తిన్నగా తెచ్చి ఆడవాళ్ల వార్డులో దింపారు. ఆయన చివరి మంచం మీద సెలైను పెట్టించుకుని, తనను మగవాళ్ల వార్డుకు మార్చడం తన హక్కు అని ఉపన్యసిస్తున్నాడు.

"హెడ్ సిస్టరు?" అన్నాడు అల్లుడు.

"అంబులెన్సువాళ్లే పొద్దున పట్టుకుపోయుంటారనుకుంది. ఆ అట్ట మాత్రం తీయొద్దంది. 'ఈ వార్డులో కుర్చీలకు కాళ్లొస్తున్నాయి, ఉండనీ' అంది." భార్య నవ్వుతూ అతని భుజం మీదుగా గుమ్మంలోకి తొంగి చూసింది. నవ్వు ఆగిపోయింది. "అది సరే. అమ్మ ఏది?"

అల్లుడు కుర్చీ వైపు చూశాడు.

"కుర్చీ కాదండీ. అమ్మ!"

"అమ్మ సంగతి అమ్మ చూసుకుంటుందని నువ్వే కదా..."

ఎవరో టీవీ గొంతు పెంచారు. తెర మీద పెద్ద అధికారి గది. ఆఫీసు మూసే వేళైనా పెద్దావిడ లేవడం లేదని, జీతాల సంగతి కాగితం మీద రాసిస్తేనే లేస్తానంటోందని, అధికారి మూడోసారి టీ తెప్పించాడని వార్తలమ్మాయి చెబుతోంది. మధ్యలో అంత పొడుగు తోలు సోఫా, అందులో కాళ్లు బారజాపుకుని అత్తగారు.

అల్లుడు టీవీ దగ్గరికంటా వెళ్లి ఆ సోఫాను ఆ కొస నుంచి ఈ కొసదాకా పరీక్షగా చూసి, దాని మీద ఏ వార్డు పేరూ లేదని తేల్చుకున్నాక పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.