చీకుపుట్టు హెడ్డాఫీసు

"ఏజెన్సీ చరిత్రలో తొలిసారిగా ఒక కంపెనీ హెడ్డాఫీసు కొండెక్కింది!" అని ముంచింగిపుట్టు సంతలో మైకు పట్టుకుని ప్రకటించారు ప్రజానాయకుడు మోహన్‌కృష్ణ గారు. పసుపు అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు బేరం ఆపి మరీ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లకు పలావు పొట్లం ఉందని ముందే చెప్పారు లెండి.

ఆయనది ఎంత విశాల హృదయమంటే, 'గిరిసుధ వాటర్స్ ప్రైవేట్ లిమిటెడ్'లో తన పేరన్నదే పెట్టుకోలేదు. చీకుపుట్టు రైతు సోంబరును మేనేజింగ్ డైరెక్టరును చేసి, అతని పెంకుటింటి గోడకే రిజిస్టర్డ్ ఆఫీసు బోర్డు కొట్టించారు. కొండమీద భూమి గిరిజనుల పేరు మీదే ఉండాలని చట్టం. ఈయనకా, చట్టమంటే ప్రాణం. సోంబరు చేత చెప్పిన చోటల్లా వేలిముద్రలు వేయించి, దుప్పటి కప్పి, ఫొటో తీయించి పంపేశారు. ఎందుకని సోంబరు అడగలేదు. దుప్పటి మాత్రం వెచ్చగా ఉందన్నాడు.

ఆ తర్వాత కంపెనీ ఊరి ఊట చుట్టూ ముళ్లకంచె వేసి, నీళ్లు సీసాలకెత్తడం మొదలెట్టింది. ఆడవాళ్లు బిందెలతో కింద పారే గెడ్డ దాకా దిగి ఎక్కాల్సి వచ్చింది. ఆ బురద నీళ్లు తాగి పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. సోంబరు పెళ్లాం కనకకు ఒళ్లు మండిపోయింది. ఊరి ఆడవాళ్లను కూడగట్టి కంపెనీ మీద కోర్టులో దావా వేసింది.

కంపెనీ లాయరు లక్ష్మీప్రసాద్ మోహన్‌కృష్ణ గారి దగ్గరికి పరుగున వచ్చాడు. "సార్, మనం హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తారు. ఊట పోతుంది."

"నోటీసు అందితే కదయ్యా! అందిందని తేలందే డిక్రీ ఇవ్వరని నువ్వే అన్నావు."

"నిజమే సార్. డైరెక్టరు చేతికైనా అందాలి, రిజిస్టర్డ్ ఆఫీసులోనైనా ఇవ్వాలి."

"ఎలా అందుతుందో నేనూ చూస్తా!"

నాయకుడికీ మామూలు మనిషికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆ పూటే మనిషిని పంపి సోంబరు గోడ మీది బోర్డు పీకించేశారు. నోటీసు పట్టుకుని కోర్టు అమీనా వరహాలరావు నాయకుడి ఇంటికొస్తే, కాఫీ ఇప్పించి భుజం మీద చెయ్యేశారు.

"నాకూ ఆ కంపెనీకీ ఏ సంబంధం లేదండీ. కావాలంటే రాసిస్తాను." అడక్కుండానే రాసి సంతకం పెట్టిచ్చారు కూడా. "హెడ్డాఫీసు చీకుపుట్టులో ఉందట. పండగ రోజులు, బేగి వెళ్లండి."

అది ఇటుకల పండగ. వేటకెళ్లి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించడం అక్కడి ఆచారం. పాపం వరహాలరావు వేటగాళ్ల గుంపు వెంటే కొండెక్కాడు. చేతిలో సంచీ తప్ప కుందేలు పిల్ల కూడా లేదాయె! మర్నాడు బస్టాండులో అతని చొక్కా చూసి మోహన్‌కృష్ణ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. వాసన భరించలేక ఏం జరిగిందో అడక్కుండానే కారెక్కేశారు.

వాయిదా నాడు లక్ష్మీప్రసాద్ ఫోన్ చేశాడు. "డిక్రీ అయిపోయింది సార్. కంచె తీసెయ్యాలట."

"నోటీసు ఎవడు తీసుకున్నాడు?"

"ఎండీ గారు సార్. తడిసిన అమీనాను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, జీలుగు కల్లు పోసి, మర్యాద చేసి మరీ తీసుకున్నారు."

"వాడు ఎండీ ఏమిటయ్యా! రద్దు పిటిషన్ వెయ్!"

"కంపెనీయే వెయ్యాలి సార్."

"నేనే కంపెనీ!"

"సంబంధం లేదని మీరే రాసిచ్చారు. కోర్టులో ఉంది. ఇప్పుడు మీదేనంటే భూమి పోతుంది, పైన కేసు. ఎండీ గారి వేలిముద్ర ఒక్కటే దారి."

మోహన్‌కృష్ణ గారు రెండు కొత్త దుప్పట్లు, ఇంకుప్యాడు పట్టుకుని రొప్పుతూ కొండెక్కారు. కంచె తీసి పక్కన పడేశారు. పిల్లలు ఊట నీళ్లు దోసిళ్లతో తాగుతున్నారు. ఆడవాళ్లు బిందెలు ముంచుతున్నారు. వాళ్ల నవ్వులు విననట్టే ఆయన సోంబరు దగ్గరికి నడిచారు. దుప్పట్లు అతని చేతిలో పెట్టి, నవ్వు తెచ్చుకున్నారు.

"సోంబరు గారూ, బాగున్నారా? ఇక్కడో వేలిముద్ర వెయ్యండి."

"ఇందల ఏటి రాసినారు బాబూ?"

"ఏముందండీ, మన కంపెనీకి నోటీసు అందలేదని."

సోంబరు పెళ్లాం వంక చూశాడు. కనక తలెత్తకుండా బిందె ముంచుకుంటోంది. అతను దుప్పట్లు తిరిగి ఆయన చేతిలోనే మెల్లగా పెట్టేశాడు.

"అందినాది గదా బాబూ. నాను తీసుకున్నాను గదా! అబద్దాలాడే కంపెనీకైతే నాను ఎండీగా ఉండనేను."