గణపతి వ్యాన్‌కు బావమరిది చక్రం

మానవుడు చక్రాన్ని కనిపెట్టినప్పుడు ముందస్తు అనుమతి తీసుకోలేదు. నేటి ట్రాఫిక్ కష్టాలన్నిటికీ అదే మూలమని సూరత్‌లో మా పాండేసర చక్ర అనుకూలతా కేంద్రం అభిప్రాయం. అందుకే ఒక బండి చక్రం మరో బండికి పడుతుందో లేదో తేల్చే పనిని జనం చేతుల్లోంచి తీసేసుకుంది. (అప్పటిదాకా జనం బిగించి చూసుకునేవారు. ఎంత మొరటుతనం!)

మా వీధి గణపతి అద్దకం మిల్లులో రంగులు కలిపే మేస్త్రీ. ఆదివారాలు అతని పాత వ్యాన్‌లోనే భార్య వినోద డుమస్ బీచ్‌కు వెళ్లి సర్వపిండి అమ్ముతుంది. వరసగా రెండు ఆదివారాలు రాకపోతే అక్కడి బండ్ల సంఘం జాగా ఇంకొకరికి ఇచ్చేస్తుంది. గుంతలో పడి వ్యాన్ వెనక చక్రం వంకరపోవడంతో ఒక ఆదివారం అప్పటికే పోయింది.

వినోద తమ్ముడు మల్లేష్ కారు ఇంజను చచ్చి వాకిట్లోనే పడి ఉంది. చక్రాలు మాత్రం నవనవలాడుతున్నాయి. జాకీ పెట్టి చూస్తే నిమిషాల్లో తేలిపోయే సంగతి. కాని సర్టిఫికెట్ లేకుండా బిగించడం నేరం, బిగించి చూడటమూ బిగించడమేనని నిబంధన.

శనివారం మొగుడూ పెళ్లాం వ్యాన్ చక్రం ఒకరు, కారు చక్రం ఒకరు దొర్లించుకుంటూ వెళ్లి వరుసలో నిలబడ్డారు. అధికారి భానుప్రకాశ్ గారు నెమ్మదస్తుడు. కేంద్రానికి ఉన్న పరికరం ఒక్కటే, మూతబడ్డ మిల్లు వేలంలో కొన్న రంగులు సరిచూసే లైటు పెట్టె. ఆయన రెండు టైర్లనూ దాని కింద పెట్టించి, నలుపుకు నలుపు సరిపోయిందన్నారు.

గణపతి అడ్డుపడాల్సింది. కాని బతుకంతా రంగులు కలిపిన మనిషి, తానూ వంగి చూసి మురిసిపోయాడు. నలుపు ఇంత బాగా కలవడం మా మిల్లులో కూడా చూడలేదని పెళ్లానికి చెప్పాడు. వినోదకు ఒళ్లు మండింది.

"రంగుతోని బండి నడుస్తదా సారూ? జర నట్ల బొక్కలు సూడుండ్రి."

"నట్లు మా పరిధిలోకి రావమ్మా," అంటూ ఆయన ముద్ర వేశారు.

ఆదివారం పొద్దున చక్రం ఎక్కలేదు. బొక్కల మధ్య వేలెడు తేడా. కలిపిన పిండి ముందు కూర్చుని వినోద మధ్యాహ్నం దాకా మొగుణ్ని తిట్టి, ఆ తర్వాత ఏడ్చింది. ఆ జాగా కోసం ఆమె ఏళ్ల తరబడి ఎండలో నిలబడింది మరి.

సోమవారం కేంద్రం వారు చక్రంలో లోపం లేదని, ఉంటే వ్యాన్‌లోనే ఉండాలని తేల్చారు. వినోద డుమస్ సంఘానికి పరుగెత్తింది. కార్యదర్శి దయగల మనిషి. బండి చెడిపోతే మాఫీ ఉందని చెప్పి, ఫోన్‌లో కేంద్రం రికార్డు తెరిచాడు.

"వినోదాబెన్, సరిపడే చక్రం శనివారమే దొరికింది కదా. మీరే రాలేదు."

జాగా పావ్‌భాజీ బండికి వెళ్లింది. ఈ నెలలో మా పరిధిలో తప్పుడు చక్రం ఒక్కటి కూడా రోడ్డెక్కలేదని కేంద్రం ప్రకటించింది. అది అక్షరాలా నిజం.