చల్లారిన ఇంజనుకు ధ్రువపత్రం

వేడెక్కిన తన బండిని తానే బాగుచేసుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. అయితే ఆ హక్కును సొంత ఇంటి ముందు వాడుకోదలిస్తే మూడు పనిదినాల ముందుగా తెలియజేయాలి. (హఠాత్తుగా పాడయ్యే బండ్లు కూడా ఈ నియమానికి లోబడే పాడవ్వాలి.)

ఇంత గొప్ప నియమం ఊరికే పుట్టలేదు. ఎవరో ఎక్కడో మరుగుతున్న రేడియేటర్ మూత తీసి చేతులు కాల్చుకున్నారట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసే పనే. పైవాళ్ళు మాత్రం ఒకరి చేతులు కాలితే ఊరందరి చేతులకూ ఆకులు కట్టారు. ఆ కట్టే పనికి స్వగృహ వాహన మరమ్మతుల అనుమతుల విభాగం అని పేరు పెట్టి, ఒక యాప్ కూడా ఇచ్చారు.

మా వ్యాను ఈ విభాగానికి సరిగ్గా తగినది. మొదటి ఏడు కిలోమీటర్లు పెద్దమనిషిలా నడుస్తుంది. ఎనిమిదోది మొదలయ్యేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటుతుంది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తుంది. శుక్రవారం పొద్దున మా ఆయన చల్లటి ఇంజను ముందు నిలబడి, రేడియేటర్ వెనకాల ఉన్న ఫ్యానును వేలితో ఒక్క తోపు తోశారు. అది బొంగరంలా తిరుగుతూనే ఉంది.

"ఫ్యాన్ క్లచ్ పోయింది. ఇది ఇలా తిరగకూడదు," అన్నారు.

ఫ్యాన్ క్లచ్ అంటే అరచేతులు రెండూ కలిపినంత లోహపు డబ్బా. లోపల చిక్కటి నూనె ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ ఫ్యానును వదులుగా పట్టుకుంటుందే గానీ పూర్తిగా వదలదు. వేడి పెరగగానే గట్టిగా పట్టుకుని గిరగిరా తిప్పి పని చేయిస్తుంది. ఈ సంగతి నాకు చప్పున అర్థమైంది. మా ఇంట్లో అత్తయ్య పద్ధతి కూడా ఇదే.

మామూలుగా అయితే బండిని పక్కన పడేసి నడిచి తిరిగేవాళ్ళం. కానీ వచ్చే గురువారం పాపకు వినికిడి పరీక్ష ఉంది. పాపకు నాలుగేళ్ళు నిండాయి. వెనకాల పళ్ళెం జారి పడ్డా తల తిప్పదు. ఆ పరీక్ష తేదీ కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాం. ఆసుపత్రి యాభై కిలోమీటర్ల దూరంలో, ఒక కొండ ఎక్కి దిగాక ఉంది. పేరు పిలిచేది పదింటికి. అటు వెళ్ళే మొదటి బస్సు చేరేది పదకొండింటికి. తేదీ తప్పితే మళ్ళీ వరస చివరికి పోవాలి. (వరస చివర ఎక్కడుందని ఫోన్ చేసి అడిగాను. అది కూడా ప్రస్తుతం నిండిపోయిందన్నారు.)

అనుమతి దరఖాస్తు నంబరు చూపిస్తేనే స్పేర్ పార్టుల దుకాణంలో క్లచ్ ఇస్తారు. అందుకని యాప్ తెరిచాను. మరమ్మతు చేసేవారి పేరు అడిగింది, మా ఆయన పేరు రాశాను. పర్యవేక్షించేవారి పేరు అడిగింది, అదే పేరు రాశాను. ఒకే మనిషి తన పని తానే చూసుకోవడం ప్రమాదకరమని ఎర్ర అక్షరాల్లో హెచ్చరించింది. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళం ఇద్దరమే. అత్తయ్యను అడిగితే, పెళ్ళయిన కొడుకును పర్యవేక్షించే ఓపిక తనకు లేదన్నారు. అలా నేను సాంకేతిక పర్యవేక్షకురాలిని అయ్యాను.

పర్యవేక్షకురాలి చదువు పూర్తయిందా, జరుగుతోందా అని అడిగింది. మధ్యలో ఆగింది అనే గడి లేదు. నాది తొమ్మిదిలో ఆగింది. జరుగుతోంది అని నొక్కాను. యాప్ నన్ను అభినందించింది.

క్లచ్ మంగళవారం వచ్చింది. డబ్బా మీద నిలువు బాణం గుర్తు వేసి, పడుకోబెట్టరాదు అని రాసి ఉంది. పడుకోబెడితే లోపలి నూనె జారిపోతుందని మా ఆయన చెప్పారు. ఇక నాకు మనసు నిలవలేదు. పాప కుర్చీలో రెండు దిండ్ల మధ్య దాన్ని నిలబెట్టాను. గంటకోసారి వెళ్ళి ఒరిగిందేమోనని చూసి వచ్చాను.

"అమ్మాయ్, దానికి దిష్టి కూడా తీస్తావా?" అన్నారు అత్తయ్య.

"ఒరిగితే పాడవుతుందట అత్తయ్యా."

"నా కొడుకును కూడా మెడ నిలిచేదాకా అట్లాగే పట్టుకున్నాను. ఏం ఒరగబెట్టాడు?"

నియమావళిలో అసలు గుండెకాయ ఏడో నియమం. చల్లారిన బండి మీదే పని చేయాలి. చల్లారిందని ఇంటివాళ్ళు చెబితే చెల్లదు. దానికోసం ఉష్ణ పరిశీలకుడు అనే అధికారి వస్తాడు. బుధవారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు లోపల వస్తానన్నాడు. మూడూ ఇరవైకి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో తుపాకీలాంటి థర్మామీటరు.

"ఐదు రోజులుగా బండి కదల్లేదండీ. మంచుగడ్డలా ఉంది," అన్నారు మా ఆయన.

"ఆ మాట మీరు చెప్పకూడదు. నేను చెప్పాలి. ముందు స్టార్ట్ చెయ్యండి."

"స్టార్ట్ చేస్తే వేడెక్కుతుంది కదండీ?"

"నడవని బండి తుక్కు కిందికి వస్తుంది. తుక్కుకి వేరే విభాగం, వేరే యాప్. నడుస్తోందని చూశాక, చల్లగా ఉందో లేదో చూస్తాను. పావుగంట నడపండి చాలు."

వ్యానుకు పావుగంట ఎక్కువే. పదకొండో నిమిషానికే ఆవిరి వచ్చింది. మా ఆయన పరుగెత్తి తాళం తిప్పేశారు. పరిశీలకుడు తృప్తిగా తల ఊపి, థర్మామీటరును ఇంజను వైపు గురిపెట్టాడు.

"నూట నాలుగు. చల్లారలేదు."

"ఇందాకటిదాకా చల్లగానే ఉంది కదండీ!"

"ఇందాకటిదాకా నేను చూడలేదు కదండీ."

పరిశీలకుడు తన కాగితం మీద వాయిదా గడిలో గుర్తు పెట్టబోతున్నాడు. అనుమతి లేకుండా బానెట్ కింద చెయ్యి పెడితే చక్రానికి తాళం వేసి పోతారు.

"రేపు పదింటికి పాపకి పరీక్షండీ. ఎనిమిది నెలలు ఆగాం. కాస్త ఆగితే చల్లారుతుంది, గంటన్నర..."

"నా డ్యూటీ నాలుగుకి అయిపోతుందమ్మా. మళ్ళీ సోమవారం వస్తాను. అప్పుడు కూడా స్టార్ట్ చేసే చూస్తాను, మీకు ముందే చెబుతున్నా." (ముందే చెప్పడం కూడా పారదర్శకతలో భాగమని తర్వాత యాప్‌లో చదివాను.)

అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న అత్తయ్య మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చారు.

"నాయనా, ఆ కాగితంలో ఏముందో ఒక్కసారి పైకి చదువు. నా కళ్ళకి ఆనదు."

"'వాహనము చల్లారినట్లు పరిశీలకుడు స్వయముగా కొలిచి నిర్ధారించవలెను.'"

"ఇంజను అని ఉందా?"

ఆయన ఇంకోసారి చదువుకున్నాడు. "లేదు పెద్దమ్మా. వాహనము అని ఉంది."

"మరి ఆ వెనక తలుపు వాహనానిదేనా, పక్కింటివాళ్ళదా?"

ముందువైపు ఇంజను ఇంకా బుసలు కొడుతూనే ఉంది. పరిశీలకుడు గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా బండి వెనక్కి నడిచి, నీడలో ఉన్న తలుపు మీద థర్మామీటరు పెట్టాడు.

"ఇరవై తొమ్మిది," అన్నాడు. ఆయన గొంతులో నిజమైన గౌరవం వినిపించింది. "ఈ నెలలో ఇంత చల్లటి బండిని చూడలేదు."

ముద్ర వేసి, సంతకం పెట్టి, నాలుగుకు రెండు నిమిషాలుండగా వెళ్ళిపోయాడు. అధికారికంగా చల్లారిన ఇంజను నిజంగా చల్లారడానికి ఐదున్నర దాకా పట్టింది.

మా ఆయన బ్యాటరీ తీగ ఊడదీశారు. ఫ్యాను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు బోల్టులు విప్పారు. పానా జారితే రేడియేటర్ రేకులు నలిగిపోతాయని మధ్యలో అట్టముక్క నిలబెట్టారు. క్లచ్ వెనక అరచేయంత నట్టు ఉంటుంది. అది విప్పుతుంటే దాని వెనకున్న పుల్లీ చక్రం తిరగకుండా ఇనుపపట్టీతో పట్టుకోవడం నా పని. విభాగం ఇచ్చిన చిన్న పుస్తకంలో తొమ్మిదో మెట్టు దగ్గర, నట్టును మామూలు పద్ధతిలో విప్పవలెను అని ఉంది. మా ఆయన మామూలు పద్ధతిలో ఎడమవైపు తిప్పారు. రాలేదు. పానాకు పైపు తొడిగి తిప్పారు. వేలికణుపు చీరుకుపోయింది. ఆరున్నర అయింది. ఎంత తిప్పితే అంత బిగుస్తున్నట్టు నా చేతిలోని పట్టీకి తెలుస్తోంది.

నాకు ఇంట్లో టేబుల్ ఫ్యాను గుర్తొచ్చింది. దుమ్ము తుడవడానికి రెక్కలు ఊడదీసేటప్పుడు మధ్యలో మూతను కుడివైపు తిప్పితేనే వస్తుంది. రెక్కలు తిరిగే ఊపుకు ఊడిపోకూడదని అలా పెడతారు కాబోలు.

"ఏవండీ, ఒకసారి ఎదురు తిప్పి చూడండి."

"నట్టు విప్పడం నాకు నువ్వు నేర్పుతావా? పుస్తకంలో మామూలు అని ఉంది."

"ఒరేయ్," అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. "అది పర్యవేక్షకురాలు. ప్రభుత్వ కాగితం మీద ఉంది. తిప్పు."

పైపు మీద ఒక్క దెబ్బ పడింది. నట్టు తాను తప్పేమీ చేయనట్టు చక్కగా కుడివైపు తిరిగి వచ్చేసింది. మా ఆయన నా వంక చూడలేదు. "కాస్త గుడ్డ అందుకో," అన్నారు, ఎప్పుడూ లేనంత మర్యాదగా. (పుస్తకంలో తప్పుందని యాప్‌లో రాశాను. తప్పును నివేదించినందుకు ధన్యవాదాలు, దాన్ని సరిచేయాలంటే మూడు పనిదినాల ముందు తెలియజేయాలి అని జవాబొచ్చింది.)

ఫ్యానును పాత క్లచ్ నుంచి విప్పి, నాలుగు బోల్టులతో కొత్తదానికి బిగించాం. అన్నీ ఎక్కడివక్కడ పెట్టాక మా ఆయన వేలితో తోశారు. ఫ్యాను ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగకుండా బరువుగా ఆగిపోయింది. ఆయన మొహంలోకి కళ వచ్చింది.

ఏడున్నరకు స్టార్ట్ చేశాం. ముల్లు నెమ్మదిగా పైకొచ్చింది. ఒక్కసారిగా క్లచ్ పట్టుకుంది. వర్షం మీదికొస్తున్నట్టు హోరు లేచింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు. పక్కింటి కుక్క లేచి పారిపోయింది. పాప బండికి నాలుగడుగుల దూరంలో కూర్చుని చాక్‌పీసుతో గీతలు గీసుకుంటోంది. తల ఎత్తలేదు. ఫ్యాను గాలికి జుట్టు కళ్ళ మీద పడ్డాక అప్పుడు చూసి నవ్వింది.

ముల్లు సగంలో నిలబడింది.

గురువారం పొద్దున కొండ ఎక్కినంతసేపూ నేను రోడ్డు చూడలేదు, ముల్లునే చూశాను. కదల్లేదు. తొమ్మిదీ నలభైకి ఆసుపత్రిలో ఉన్నాం. వినికిడి విభాగంలో గోడనిండా కుర్చీలు, అద్దం వెనక ఒక గుమాస్తా, ఆమె ముందు మైకు. పదింటికి పాప పేరు పిలిచింది. నేను లేచి చెయ్యెత్తాను. రెండోసారి పిలిచింది. పాపను ఎత్తుకుని అద్దం దగ్గరికి వెళ్ళాను. నా మొహంలోకే చూస్తూ మూడోసారి పిలిచింది.

"ఇదేనమ్మా, మా పాప. వచ్చాం కదా!"

"మీరు పలికితే కుదరదమ్మా. పేషెంటు పలకాలి. ఒకరి పేరుకి ఒకరు వచ్చేస్తున్నారని రూలు పెట్టారు."

"పాపకి వినపడదమ్మా. అందుకేగా తీసుకొచ్చింది."

"అది పరీక్షలో తేలాలి. పరీక్ష కాకుండానే మీరెలా చెబుతారు?"

డాక్టరు గది తలుపు తెరిచే ఉంది. లోపల కుర్చీ ఖాళీగా కనిపిస్తోంది. మా ఆయన ఏదో గట్టిగా అనబోతే, వినికిడి విభాగంలో నిశ్శబ్దం పాటించాలని గోడ మీది బోర్డు చూపించింది. తర్వాత ఇంకొకరి పేరు పిలిచింది. ఒక పెద్దాయన గబుక్కున పలికి లోపలికి వెళ్ళిపోయాడు.

మాకు గైర్హాజరు రసీదు ఇచ్చింది. కారణం అనే గడిలో చక్కటి దస్తూరీతో 'మూడుసార్లు మైకులో పిలిచినా వినలేదు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది. ఎనిమిది నెలలుగా మేము అడుగుతున్న రిపోర్టు అది.

తర్వాతి తేదీ ఎప్పుడని అడిగాను. ఫోన్ చేసి చెబుతారట. ఫోను మాత్రం పాపే ఎత్తాలట.