వెనక తలుపు

శనివారం పొద్దున ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కారు షెడ్డులో ఇవ్వాలి. మధ్యాహ్నానికి తీసుకోవాలి. నాలుగింటికి వదినగారింటికి వెళ్ళి కూతుర్ని ఇంటికి తెచ్చుకోవాలి. పాప మంచం మీద కొత్త దుప్పటి పరిచాడు. పాలు రెండు గ్లాసులకు సరిపడా తెచ్చాడు.

అతను లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ లిఫ్టు తలుపైనా సరిగా తెరుచుకుని సరిగా మూసుకుంటోందని కాగితం మీద సంతకం పెట్టేది అతనే. అలాంటి మనిషి సొంత కారు వెనక తలుపు మూసుకోదు.

భార్య బతికున్నన్నాళ్ళూ అది బాగానే ఉందనుకున్నాడు. ఆమె ఎప్పుడూ పాపతో వెనక సీట్లోనే కూర్చునేది. ఆమె పోయాక మొదటిసారి ఖాళీ కారు నడుపుతుంటే, మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. దిగి చూస్తే లోపలి పిడికి నీలం గుడ్డ పట్టీ కట్టి ఉంది. రెండేళ్ళపాటు ఆమె దాన్ని చేతికి చుట్టుకుని, తలుపును లాగి పట్టుకుని కూర్చుందని అప్పుడు తెలిసింది. ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే ఉంటుంది, తను తల ఊపి ఉంటాడు.

పాప ఎనిమిది నెలలుగా భార్య అక్క అయిన వదినగారింట్లోనే ఉంది. “తలుపు సరిగా పడని కారులో పసిదాన్ని ఎలా పంపను? బాగు చేయించుకు రండి, ఆ రోజే తీసుకెళ్ళండి” అని ఆవిడ కనీసం పదిసార్లు అంది.

షెడ్డు మెకానిక్ తలుపును రెండుసార్లు ఊపి, డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు మూసుకుని, “గంట పని సార్” అన్నాడు. చీటీ రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకాన్ని కాసేపు చూశాడు.

పన్నెండింటికి తలుపు గోడలా మూసుకుని ఉంది. ఇన్‌స్పెక్టరు లాగితే రాలేదు. కాలు ఆనించి లాగినా రాలేదు.

“తెరుచుకోవడం లేదేంటయ్యా?”

“మూసుకోవడం లేదన్నారు సార్. మూశాను.”

“తెరుచుకోవాలి కదా!”

“ఆ మాట పొద్దున చెప్పాలి సార్. అది వేరే పని.”

రెండింటికి ఆ వేరే పని కూడా అయింది. వెనక తలుపు చక్కగా తెరుచుకుని, మెత్తగా మూసుకుంది. ఇన్‌స్పెక్టరు సంతోషంగా డ్రైవరు వైపు తలుపు పట్టుకున్నాడు. అది కదల్లేదు.

“దాని స్ప్రింగు తీసి దీనికేశా” అన్నాడు మెకానిక్.

“మరి అవతలి వెనక తలుపు?”

“దాని కొక్కెం కూడా దీనికే. కొత్తవి బజార్లో లేవు సార్, బుధవారం వస్తాయి. పాప ఎక్కే తలుపే ముఖ్యమన్నారుగా?”

పక్క సీటు తలుపు మూడేళ్ళ క్రితం గోడకు రాసుకున్నప్పటినుంచీ రాదు. పొద్దున నాలుగు తలుపుల్లో ఒకటి మూసుకోని కారును ఇచ్చిన మనిషి, మధ్యాహ్నం నాలుగింట్లో ఒక్కటే తెరుచుకునే కారును తీసుకున్నాడు. వెనకనుంచి ఎక్కి, సీట్ల మధ్యగా పాకి ముందుకు చేరాడు. గేరు రాడ్డుకు తగులుకుని పంట్లాము వెనక జానెడు చిరిగింది.

మార్చుకుందామని ఇంటి ముందు ఆగి మళ్ళీ పాకి దిగేసరికి, ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు గేటు దగ్గరే ఉన్నాడు. ఉద్యోగంలో ఉండగా ఉత్తరాలు ఎంత ఆలస్యంగా చేర్చినా, రిటైరయ్యాక వార్తలు మాత్రం వెంటనే చేర్చేవాడు.

“ఇన్‌స్పెక్టరు గారూ! వెనక సీట్లోంచి దిగుతున్నారు! డ్రైవర్ని పెట్టుకున్నారా ఏంటి?”

చెప్పాలంటే నాలుగు తలుపుల కథ చెప్పాలి. చేతులేమో పంట్లాము వెనక ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. పరామర్శలు త్వరగా ముగియడానికి ఈ ఎనిమిది నెలల్లో బాగా పనికొచ్చిన అలవాటది.

“మంచి పని చేశారు. ఏడీ, కనబడడే? టీకి వెళ్ళాడా?”

తల ఊపాడు.

“టీకేనా, లేక...” అంటూ పోస్ట్‌మాస్టరు బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు.

మూడోసారి కూడా తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. కొత్త పంట్లాములో ఒక కాలు దూర్చాడో లేదో, ఫోను మోగింది. వదినగారు.

“మరిదిగారూ, తాగుబోతు డ్రైవర్ని పెట్టి నా పిల్లని తీసుకెళ్తారా?”

“డ్రైవరెవరూ లేరు వదినా.”

“లేకపోవడమేంటి? తాగి ఎక్కడ పడున్నాడు?”

“అసలు లేడండీ.”

“పెట్టుకున్న గంటలోనే తీసేశారా? ఒక నిలకడ లేదు, ఏం లేదు. ఇంక పిల్లనేం చూసుకుంటారు?”

‘నా పిల్ల’ అన్న మాట దగ్గర ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు. రెండో కాలు దూర్చడం మరిచిపోయి కాసేపు అలాగే నిలబడ్డాడు.

వదినగారింటి ముందు కారు ఆగగానే పాప పరుగెత్తుకొచ్చింది. తండ్రి వెనకనుంచి దిగడం చూసి ముందు సీట్లోకి తొంగిచూసింది. “నాన్నా, డ్రైవరంకుల్ కనిపించడా?” వదినగారు తొంగిచూడడంతో ఆగలేదు. కిటికీలోంచి తల పెట్టి స్టీరింగు కింద కూడా వెతికింది.

ఇన్‌స్పెక్టరు మొత్తం చెప్పాడు. స్ప్రింగు, కొక్కెం, పంట్లాము, బొటనవేలు. ఎనిమిది నెలల్లో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు.

“నేను కూర్చుని చూస్తే గాని నమ్మను” అంది ఆవిడ.

అతను ముందుగా పాకి తన సీటు చేరాడు. ఆవిడ పాపతో వెనక కూర్చుని తలుపు వేసింది. అది మెత్తగా పడింది. ఆవిడ ఒకింత నిరాశపడినట్టు అనిపించింది. రెండు వీధులు తిరిగారు. స్పీడ్ బ్రేకరు మీద తలుపులో ఏదో ‘టప్’మని జారిపడింది. తిరిగొచ్చి ఇంటి ముందు ఆగాక తలుపు రాలేదు.

“తెరవండి.”

“లోపల్నుంచి మీరే తెరవాలి వదినా.”

“నేను తెరుస్తూనే ఉన్నా! అది తెరుచుకోవాలిగా!”

దారినపోయే పెద్దమనిషిని పిలిచారు. ఆయన బయటినుంచి గట్టిగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని మర్యాదగా కిటికీలోంచి అందించి వెళ్ళిపోయాడు.

“అయితే మనం ముగ్గురం ఇంక ఇక్కడే ఉంటామా?” అంది పాప. అంతకన్నా మంచి కబురు ఈ మధ్య వినలేదన్నట్టుంది దాని మొహం.

కారు షెడ్డు వైపు బయల్దేరింది. దారిలో వదినగారి చేతికి నీలం పట్టీ తగిలింది.

“ఇదెవరు కట్టారు?”

“మీ చెల్లెలు.”

“ఎందుకూ?”

“తలుపు పట్టుకోవడానికి.”

షెడ్డు చేరేసరికి పట్టీ ఆవిడ చేతికి రెండు చుట్లు చుట్టి ఉంది.

మెకానిక్ ఇనప చువ్వ దూర్చి తలుపు తెరిచాడు. పట్టీ విప్పుకుని దిగుతూనే వదినగారు అందుకుంది. “పసిపిల్ల ఎక్కే తలుపయ్యా ఇది! పని చేసినవాడివి ఒక్కసారి సరిచూసుకోనక్కర్లేదా? ఎవరి ప్రాణాలైతే నాకేంటి అనుకున్నావా?”

మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు.

“మీరు లిఫ్టుల సార్ కదూ? పొద్దున సంతకం చూసి గుర్తుపట్టా. మా బిల్డింగు లిఫ్టులో మీ కాగితం ఉంది. ఆ లిఫ్టు తలుపు పడకుండానే కదుల్తుంది సార్. భయపడి మా అమ్మ నాలుగంతస్తులూ మెట్లెక్కుతోంది.”

“అందుకని నా మీద కక్ష తీర్చుకున్నావా?”

“కక్షేం లేదు సార్. నాకు వచ్చిన పని ఇంతే. మీకూ ఇంతే వచ్చేమో అనుకున్నా.”

“కాగితం మీద తేదీ ఎంతుంది?”

మెకానిక్ చెప్పాడు. అవి భార్య ఆఖరి రోజులు. ఆ వారం ఆసుపత్రి వరండాలో, బల్ల మీద కూర్చుని, మోకాలి మీద ఫైలు పెట్టుకుని ఇన్‌స్పెక్టరు పదకొండు కాగితాల మీద సంతకాలు పెట్టాడు. ఒక్క లిఫ్టు దగ్గరికీ వెళ్ళలేదు. అదే బల్ల మీద ఆ చివర వదినగారు కూర్చుని ఉంది.

ఈసారి అతను తల ఊపలేదు. “చూడలేదు. చూడకుండానే పెట్టాను” అన్నాడు.

వదినగారు పాప చెయ్యి పట్టుకుని బస్సు స్టాపు వైపు నడిచింది. పాప వెనక్కి తిరిగి చూస్తూ, కనిపించని డ్రైవరుకి కూడా చెయ్యి ఊపింది.

సోమవారం ఇన్‌స్పెక్టరు ఆ లిఫ్టు దగ్గరికి వెళ్ళి మూడు గంటలు ఉన్నాడు. పాత కాగితం తనే చించేశాడు. తలుపు తాళం మార్పించి, నాలుగు అంతస్తులూ పదేసిసార్లు ఎక్కి దిగాక కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. మిగతా పదింటికీ వారమంతా తిరిగాడు. బుధవారం మెకానిక్ కారు తలుపులు నాలుగింటికీ కొత్త సామాను వేశాడు. ఒక్కో తలుపూ ఇరవైసార్లు తెరిచి మూసి, చివరికి తనే ఆశ్చర్యపోయాడు. “నాకింత పని వచ్చని నాకే తెలీదు సార్.”

శనివారం నాలుగింటికి ఇన్‌స్పెక్టరు ముందు తలుపు తెరుచుకుని దిగాడు. చిరిగిన పంట్లాము కాదు, ఇస్త్రీది. పాప బూట్లు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. వదినగారు వచ్చి వెనక తలుపు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. వేలితో తోసినా పడుతోంది. ఆవిడ చాలాసేపు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత లోపలికి వంగి, నీలం పట్టీ ముడి విప్పి, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

“ఇక దీంతో పనేం లేదుగా” అంది.

ఇన్‌స్పెక్టరు పాప సంచీ కోసం చెయ్యి చాచాడు. ఆవిడ పాప భుజం మీద చెయ్యి వేసి, చక్రాల వైపు చూస్తూ అడిగింది:

“బ్రేకులు ఎవరికైనా చూపించారా?”

తిరుగుదారిలో, ప్రతి మలుపులోనూ, ఖాళీ సీటు పక్కన వెనక తలుపు గట్టిగా మూసుకునే ఉంది.