ఒకే మెషిన్లో కేకులూ బొద్దింకలూ

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకు పెద్ద హోటల్ మేనేజర్ తన ఆఫీసులో కూర్చుని, ఇంట్లోనే కేకులు చేసి అమ్ముకునే ఆవిడ కొత్త వెబ్‌సైట్ తెరిచి చూస్తాడు. నచ్చితే ఇకమీదట ఆ హోటల్‌కి కేకులన్నీ ఆవిడే పంపాలి. ఏళ్ళ తరబడి పుట్టినరోజు కేకుల మీద ఊళ్ళోవాళ్ళ పిల్లల పేర్లు రాసి రాసి వేళ్ళు వంకర్లు పోయిన మనిషికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. అందుకే పొద్దుటినుంచీ ఆవిడకు మంచినీళ్ళు కూడా సహించడం లేదు.

సైట్ నెట్‌లో కనపడాలంటే ఏదో ఒక హోస్టింగ్ కంపెనీలో చోటు అద్దెకు తీసుకోవాలి. ఆ పని భర్తకు అప్పజెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. ఆయన్ని వీధిలో అందరూ బేరాల బాబాయ్ అంటారు. పేరున్న కంపెనీనీ, పేరులేని కంపెనీనీ పక్కపక్కన పెట్టి, ఆయన తనదైన పరీక్ష పెట్టారు. రెండింటికీ ఫోన్ చేశారు. పేరున్నవాళ్ళు చాలాసేపు సంగీతం వినిపించారు. పేరులేనివాడు మొదటి రింగుకే ఎత్తి, ఒక్క వాక్యంలో మూడుసార్లు "సార్" అన్నాడు. పైగా అద్దె సగమే.

"పేరున్నవాళ్ళ దగ్గరే తీసుకోండి. రేపేదైనా అయితే?" అంది భార్య.

"పేరేమైనా కొరుక్కు తింటామా? పిలిస్తే పలుకుతున్నాడు, అది చాలదూ!" అన్నారు బాబాయ్.

పదిన్నరకు సైట్ ఆగిపోయింది. బాబాయ్ ఫోన్ చేస్తే కంపెనీ యథాప్రకారం వెంటనే పలికింది.

"ఐదే నిమిషాలు సార్. ప్లగ్ తీశాం సార్. మా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది సార్."

"సైట్లుండే మెషిన్ మీ ఇంట్లో ఉందా?"

"మంచం కిందే సార్. చాలా భద్రం సార్."

ఫోనెత్తేవాడూ, మరమ్మతు చేసేవాడూ, యజమానీ ఒక్కడేనని బాబాయ్‌కి అప్పుడు తెలిసింది. భార్యకు చెప్పే ధైర్యం లేక, "ఏదో చిన్న పని జరుగుతోందిట" అని నీళ్ళు నమిలారు.

ఇస్త్రీ పూర్తయింది. ప్లగ్ మళ్ళీ పెట్టే కంగారులో ఆ మహానుభావుడు అదే మెషిన్లో ఉన్న రెండు సైట్లను తారుమారు చేశాడు. పదకొండింటికి మేనేజర్ కేకుల సైట్ తెరిస్తే, పురుగుల మందు కొట్టే ఆయన సైట్ ప్రత్యక్షమైంది. తెర నిండా ఒక బొద్దింక, దాని కింద "మీ వంటింట్లోనూ ఇవేనా?" అన్న ప్రశ్న.

వెంటనే ఫోన్ మోగింది. "ఏంటమ్మా ఇది? మీ కేకులు చూద్దామని తెరిస్తే బొద్దింకలొస్తున్నాయి!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పరిస్థితి చక్కదిద్దడానికి బాబాయ్ ఫోన్ లాక్కున్నారు.

"కంగారు పడకండి సార్. ఆ బొద్దింకలు మావి కావు. పక్కవాళ్ళవి."

"పక్కవాళ్ళవా?"

"అంటే, వాళ్ళూ మేమూ ఒకేచోట సర్దుకుంటున్నాం సార్, చవగ్గా పడుతుందని. ఇవాళ అవి ఇటొచ్చేశాయి, అంతే."

అవతలనుంచి మేనేజర్, "నేనే వచ్చి మీ వంటిల్లు చూస్తాను" అని పెట్టేశాడు.

"ఇన్నేళ్ళ నా కష్టం బూడిదలో పోశారు కదండీ!" అంటూ ఆవిడ, అప్పటికే మెరుస్తున్న వంటగట్టును ఏడుస్తూ మళ్ళీ తుడవసాగింది. బాబాయ్ సాయం చేద్దామని గుడ్డ అందుకోబోతే, "మీరు దేన్నీ ముట్టుకోకండి" అంది.

మేనేజర్ వచ్చి ఓవెన్ వెనక్కి తొంగిచూస్తుండగా, వీపున మందు డబ్బాతో, మూతికి ముసుగుతో ఒక మనిషి గుమ్మంలో ఊడిపడ్డాడు. వచ్చినవాడు పురుగుల మందాయన. తన సైట్‌లో కేకులు కనపడుతున్నాయనీ, తన నంబరు తెలిసినవాళ్ళంతా ఫోన్ చేసి గుడ్డు లేని కేకు ఉందా అని చంపుకుతింటున్నారనీ అగ్గిమీద గుగ్గిలమవుతూ, అందులోని చిరునామా పట్టుకుని వచ్చాడు. కానీ అతను నోరు తెరిచేలోగానే మేనేజర్ అందుకున్నాడు.

"ఓహో, మందు కొట్టడానికి మనిషిని కూడా పిలిపించారా! ఇక నాకు వేరే చూడాల్సిందేం లేదమ్మా. వస్తాను."

ఆ గొంతు వినగానే పురుగుల మందాయన ముసుగు దించాడు. కోపం పోయి ముఖం చేటంత అయింది.

"సార్, మీరా! మీ హోటల్‌కే ఫోన్ చేద్దామనుకుంటున్నా. పోయిన నెల కొట్టిన మందుకి అన్నీ పోయాయా? ఎలుకలు కూడానా?"

మేనేజర్ గబుక్కున వెళ్ళి వంటింటి తలుపు దగ్గరికి వేశాడు.

"మెల్లగా మాట్లాడవయ్యా బాబూ," అని అతన్ని ఆపి, ఆవిడ వైపు ఎంతో మర్యాదగా తిరిగాడు. "అమ్మా, మీ వంటిల్లు అద్దంలా ఉంది. రేపటినుంచే కేకులు పంపండి. ఈ మాట మాత్రం మన నలుగురి మధ్యే ఉండాలి."

ఇద్దరూ వెళ్ళిపోయాక బాబాయ్ గొంతు సవరించుకున్నారు. "చూశావా? పేరున్న కంపెనీ అయితే ఈ ఆర్డర్ వచ్చేదా?"

"వచ్చేది కాదు. అందుకే ఇప్పుడే వాళ్ళ దగ్గరికి మారిపోతున్నా. ఇలాంటి ఆర్డర్ ఇంకొకటొస్తే నా గుండె ఆగిపోతుంది" అంది భార్య.

హోటల్‌కి రోజూ కేకులు మోసే పని బాబాయ్‌కే పడింది. ఆవిడ ఇద్దరు ముగ్గురిని వాకబు చేసింది గానీ, అంత చవగ్గా ఇంకెవరూ దొరకలేదు.